అక్కుసాతివుస్ చేసిన నేరమేమిటి? లాటిన్ వ్యాకరణంలో మిగిలిపోయిన గ్రీకు తత్వం

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "సొంతంగా లాటిన్ నేర్చుకుంటున్నాను. మన ద్వితీయా విభక్తిని వాళ్ళు 'అక్కుసాతివుస్' అంటారు. నిఘంటువులో చూస్తే 'నేరం మోపేది' అని ఉంది. విభక్తికి 'కాసుస్' అని పేరు, దానికి అర్థం 'పడటం'. ఇవేం పేర్లు? లాటిన్ వ్యాకరణం తత్వశాస్త్రంలోంచి పుట్టిందని ప్రతి పుస్తకం పీఠికలోనూ రాస్తారు, ఎక్కడా చూపించరు. నిజంగా సంబంధం ఉందా? ఈ విభక్తుల్ని మన ప్రథమ, ద్వితీయలతో సరిపెట్టుకుని రాసుకోవచ్చా?"

సంబంధం ఉంది. మీరు ఎక్కడ తట్టుకున్నారో అక్కడే ఉంది, ఆ రెండు పేర్లలోనే. చివరి ప్రశ్నకు చివర్లో వస్తాను.

నేను లాటిన్ మొదలుపెట్టింది సెమినరీలో. మాకు చెప్పిన ఫాదర్ గారు రోజూ పొద్దున్నే "రోజా, రోజే, రోజే, రోజామ్" అని వల్లె వేయించేవారు. మన రోజా పువ్వే అది. బళ్ళో "డు ము వు లు ప్రథమా విభక్తి" అని ఊగుతూ చదివిన నోటికి అదేం కష్టం కాలేదు. ఈ పేర్లకు అర్థం ఏమిటని అడిగితే మాత్రం "ముందు నోటికి రానీ, అర్థం తర్వాత" అనేవారు. ఆ 'తర్వాత' రావడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది. మీకు అంత పట్టక్కర్లేదు.

మన దగ్గర విభక్తులకు పేర్లు లేవు, అంకెలున్నాయి. ప్రథమ, ద్వితీయ, తృతీయ అనుకుంటూ పోవడమే. సంస్కృత వ్యాకర్తల తెలివి అక్కడుంది: అంకె ఏమీ చెప్పదు కనుక అబద్ధమూ చెప్పదు. గ్రీకులు అర్థం ఉన్న పేర్లు పెట్టారు. అర్థం ఉన్న పేరు ఇంకో భాషలోకి వెళ్ళాలంటే ఎవరో ఒకరు అనువాదం చెయ్యాలి. అనువాదం చేసినవాడికి అసలు ఉద్దేశం తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి అక్కుసాతివుస్‌ని మించిన ఉదాహరణ లేదు.

గ్రీకులో ఆ విభక్తి పేరు 'ఐతియాతికే'. దాని మూలంలో ఉన్న మాట 'ఐతియా'. మనం ఒకరితో "దీనికంతటికీ కారకుడివి నువ్వే" అన్నామంటే కారణం చెబుతున్నామా, నేరం మోపుతున్నామా? రెండూను. గ్రీకు 'ఐతియా' సరిగ్గా ఆ గట్టు మీదే కూర్చున్న మాట: కారణమూ అదే, అభియోగమూ అదే. పేరు పెట్టినవాళ్ళు కారణం వైపు నిలబడి పెట్టారని ఎక్కువమంది పండితులు ఒప్పుకున్న వివరణ. 'ఐతియాతోన్' అంటే ఒక కారణం వల్ల కలిగినది, ఫలితం. 'ఇల్లు కట్టాడు' అన్నప్పుడు కట్టడం వల్ల ఏర్పడింది ఇల్లు; ఆ మాట ఏ రూపంలో ఉంటుందో అది ఫలితాన్ని చెప్పే విభక్తి. రోమన్లు గట్టుకు అవతలి వైపు దిగారు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో వర్రో అనే రోమన్ పండితుడు దీన్ని 'నిందించే విభక్తి' అనే రాశాడు. ఆ పేరే ఖాయమైపోయింది. ఆరువందల ఏళ్ళు పోయాక ప్రిస్కియానుస్ అనే వ్యాకర్త 'అక్కుసాతివుస్, లేదా కౌసాతివుస్' అని రెండో పేరు జోడించి రాశాడు, అంటే 'కారణానికి సంబంధించినది' అని. అప్పటికే ఆలస్యమైంది. పిల్లలందరికీ మొదటి పేరు నోటికొచ్చేసింది.

మన షష్ఠిది కూడా అదే గతి. గ్రీకు 'గెనికే' అంటే 'గెనోస్‌కు సంబంధించినది'. గెనోస్ అంటే జాతి, వర్గం. పుట్టుక అనే ఛాయ కూడా ఉంది. ఒక వస్తువు ఏ వర్గానికి చెందినదో చెప్పే విభక్తి అన్నది మొదటి భావం. లాటిన్‌లో అది 'గెనెతివుస్', పుట్టుకను చెప్పేది, అయి కూర్చుంది.

వర్గం, కారణం, ఫలితం... ఈ మాటలు ఎవరి నోట ఆడతాయో ఊహించండి. వ్యాకరణ పంతుళ్ళ నోట కాదు. క్రీ.పూ. 300 ప్రాంతంలో ఏథెన్సులో ఒక బొమ్మల మండపం కింద పాఠాలు మొదలుపెట్టిన జేనోన్ శిష్యులవి, అంటే స్టోయిక్కులవి. వాళ్ళకు వ్యాకరణం అని వేరే శాస్త్రం లేదు. తర్కంలో అదొక గది. ఒక మాట నిజమా అబద్ధమా తేల్చాలంటే ముందు ఆ మాట ఎలా కట్టి ఉందో చూడాలి కదా, అందుకోసం మాటల్ని విప్పారు. విప్పడానికి వాడిన పనిముట్లకు పేర్లు పెట్టుకున్నారు. తర్వాత బడిపంతుళ్ళు వచ్చి పనిముట్లు పట్టుకుపోయారు, అవి ఎందుకు తయారయ్యాయో అడగలేదు. లాటిన్ వ్యాకరణ చరిత్రలో సగం ఇదే అంటాను నేను.

ఇక 'పడటం'. ఇది స్టోయిక్కుల కంటే పాతది. అరిస్టాటిల్ 'ప్టోసిస్' అనే మాట వాడాడు, అంటే పతనం, పడటం. లాటిన్ 'కాసుస్' దానికి మక్కికి మక్కి. అరిస్టాటిల్ వాదన సూటిగా ఉంటుంది. 'ఫిలోన్' అనేది నామం. 'ఫిలోన్ యొక్క', 'ఫిలోన్‌కు' అనేవి నామాలు కావు, నామం పడిన రూపాలు. ఎందుకు కావు? 'ఫిలోన్' పక్కన 'ఉన్నాడు' అని చేర్చండి, నిజమో అబద్ధమో తేల్చగల వాక్యం వస్తుంది. 'ఫిలోన్ యొక్క' పక్కన 'ఉన్నాడు' చేర్చండి, ఏమీ తేలదు. చూశారా, ఆయన కొలబద్ద భాష కాదు, సత్యాసత్యాలు. ఆయన లెక్కలో క్రియ కూడా పడుతుంది: భూత, భవిష్యత్ రూపాలు క్రియ పడిన రూపాలే.

స్టోయిక్కులు వచ్చి రెండు మార్పులు చేశారు. క్రియను ఈ పడటంలోంచి తప్పించి, విభక్తి నామానికే చెందుతుందన్నారు. అంతటితో ఊరుకోక, ప్రథమ కూడా విభక్తే అన్నారు. అరిస్టాటిల్ అనుయాయులకు ఇది కిట్టలేదు. నిటారుగా నిలబడి ఉన్నదాన్ని పట్టుకుని పడింది అంటారేమిటి, అది ఎక్కడినుంచి పడింది? స్టోయిక్కుల జవాబు: మనసులో ఉన్న భావం నుంచి. సోక్రటీస్ అనే భావం మనసులో ఉంటుంది, 'సోక్రటీస్' అని పలికినప్పుడు ఆ భావంలోంచి పేరు కింద పడుతుంది. మరి నిటారు అని ఎందుకంటున్నారు? చేతిలోంచి జారిన ఘంటం ఒక్కోసారి పక్కకు ఒరగకుండా మొన నేలలో దిగి నిలువుగా నిలబడదూ, అలాగ. ఈ ఘంటం పోలిక అరిస్టాటిల్ గ్రంథానికి అమ్మోనియుస్ రాసిన వ్యాఖ్యానం వల్ల మనకు దక్కింది. రోమన్లు ప్రథమను 'కాసుస్ రెక్తుస్', నిటారు పతనం అనీ, మిగతావాటిని 'ఓబ్లిక్వుస్', ఏటవాలువి అనీ అన్నారు. రూపసాధనకు పెట్టిన 'దేక్లినాతియో' అనే పేరు కూడా ఒరగడమే.

తెలుగువాడికి ఈ బొమ్మ కొత్తేమీ కాదు. ఇల్లు నిటారు, ఇంటికి, ఇంట్లో అన్నప్పుడు 'ఇంటి' ఒరిగిన రూపం. రాయి-రాతి, ఏరు-ఏటి కూడా అంతే. మన వ్యాకరణం ఈ టి, తి వర్ణకాలను ఔపవిభక్తికాలు అంటుంది. మనకీ వంగిన రూపాలున్నాయి గానీ, అవి ఎక్కడినుంచి పడ్డాయని ఎవరూ తగువు పెట్టుకోలేదు.

ఇదంతా రోముకు ఎలా చేరింది? రోమన్ల జీవితచరిత్రలు రాసిన సుయెటోనియుస్ చెప్పిన కథ ఒకటుంది. కవి ఎన్నియుస్ క్రీ.పూ. 169లో చనిపోయాడు, ఆ రోజుల్లోనే పెర్గామోన్ రాజు తరఫున దూతగా మల్లోస్ ఊరి క్రాతెస్ రోముకు వచ్చాడు. హోమర్ మీద పెద్ద పండితుడు, స్టోయిక్ భావాలవాడు. పలతీన్ కొండ దగ్గర మురుగు కాలువ కన్నంలో కాలు పడి విరిగింది. దౌత్యం సంగతి అలా ఉంచి, కాలు అతుక్కునేదాకా ఖాళీగా ఉండలేక ఉపన్యాసాలు చెప్పాడు, జనం మూగారు. వ్యాకరణ విద్యను రోముకు తెచ్చిన మొదటివాడు ఇతనే అంటాడు సుయెటోనియుస్. విభక్తి అంటే పడటం అని చెప్పే శాస్త్రం ఒక పంతులు పడటంతోనే ఊళ్ళోకి వచ్చిందన్నమాట (ఈ చమత్కారం నాది, ఆయనది కాదు).

క్రాతెస్ ఒక్కడే కాదు. క్రీ.పూ. 155లో ఏథెన్సు వాళ్ళు తమ మీద పడిన జరిమానా తగ్గించమని అడగడానికి ముగ్గురు తత్వవేత్తల్ని రోముకు పంపారు. కార్నెయాదెస్ న్యాయం మీద చేసిన ఉపన్యాసాల వల్ల ఆ దౌత్యానికి పేరొచ్చింది. మన కథకు కావలసినవాడు రెండోవాడు, బాబిలోన్ దియోగెనెస్. 'ధ్వని' మీద స్టోయిక్ పాఠ్యగ్రంథం రాసింది అతనే. అర్థం లేని శబ్దానికి 'బ్లితురి' అని ఉదాహరణ ఇచ్చి, పలికినంత మాత్రాన మాట కాదు అని చెప్పిన బాపతు. పేర్లలో సొంత గుణాన్ని చెప్పేవి (సోక్రటీస్), అందరికీ చెందే గుణాన్ని చెప్పేవి (మనిషి, గుర్రం) అని విడదీసి, రెంటినీ వేరువేరు భాషాభాగాలుగా లెక్కపెట్టాడు. ఇది గుర్తుపెట్టుకోండి, దొనాతుస్ అనే లాటిన్ వ్యాకర్త దగ్గర మళ్ళీ కనిపిస్తుంది. రోమన్ రాజకీయ నాయకుడు ముసలి కాతోకు మాత్రం వీళ్ళంటే ఒళ్ళు మంట. తొందరగా పని ముగించి సాగనంపండి, కుర్రాళ్ళు చెడిపోతున్నారు అని గోల చేశాడు.

కాతో గోల ఎంత పనిచేసిందో వర్రోను చూస్తే తెలుస్తుంది. మార్కుస్ తెరెంతియుస్ వర్రో, క్రీ.పూ. 116-27. లాటిన్ భాష మీద 25 పుస్తకాలు రాశాడు, మనకు మిగిలినవి 5 నుంచి 10 వరకు, అవీ అక్కడక్కడా చిరిగి. తన గురువు ఐలియుస్ స్తిలో స్టోయిక్ భావాలవాడు. తను ఏథెన్సు వెళ్ళి ప్లేటో వారసుల దగ్గర, అస్కలోన్ ఆంతియోఖుస్ వద్ద చదువుకున్నాడు. ఐదో పుస్తకంలో ఒక మాట అంటాడు: నేను అరిస్తోఫానెస్ దీపం దగ్గరే కాదు, క్లెయాంథెస్ దీపం దగ్గర కూడా రాత్రులు చదివాను. మొదటివాడు అలెగ్జాండ్రియా పండితుడు, రెండోవాడు స్టోయిక్ తత్వవేత్త. మీరడిగిన సంబంధానికి ఇంతకన్నా వాంగ్మూలం ఏం కావాలి?

ఆ రెండు దీపాల మధ్య వర్రో పెట్టిన పంచాయితీ ఇదీ. 'లుపుస్' (తోడేలు), 'లెపుస్' (కుందేలు) చూడటానికి ఒకేలా ఉన్నాయి. చతుర్థి చెయ్యండి: 'లుపో', కానీ 'లెపోరి'. ఎందుకిలా? భాషలో క్రమం ఉంది, పోలిక పట్టుకుని పోతే దొరుకుతుంది అన్నవాళ్ళది అనలోగియా పక్షం. భాష వాడుకను బట్టి పోతుంది, క్రమం కోసం వెతకొద్దు అన్నవాళ్ళది అనోమాలియా పక్షం. ఎనిమిదో పుస్తకంలో ఒక పక్షం, తొమ్మిదిలో రెండో పక్షం, పదిలో తన తీర్పు. రెండు పార్టీలూ నిజంగా అంత కత్తులు దూసుకున్నాయా అంటే, వర్రో కొంత పెంచి చూపించాడనే ఇప్పుడు చాలామంది అంటారు, నేనూ అటే. కానీ తీర్పు మాత్రం గట్టిది.

ముగ్గురు మనుషులు ఎఫెసుస్‌లో తలా ఒక బానిసను కొన్నారనుకోండి అంటాడు. ఒకడు అమ్మినవాడి పేరు అర్తెమిదోరుస్ కాబట్టి వాడికి అర్తెమాస్ అని పేరు పెట్టాడు. ఇంకొకడు ఆ ప్రాంతం ఇయోనియా కాబట్టి ఇయోన్ అన్నాడు. మూడోవాడు ఊరిపేరు మీద ఎఫెసియుస్ అన్నాడు. ఇందులో నియమం ఏముంది? ఎవరిష్టం వాళ్ళది. కానీ పేరంటూ పెట్టాక, దాని షష్ఠి ఏమిటి, చతుర్థి ఏమిటి అన్నది ఎవరి ఇష్టం మీదా లేదు. ఆ పేరు విన్న ప్రతివాడూ చెప్పకుండానే విభక్తులు చేసేస్తాడు. మొదటిది ఇచ్ఛతో జరిగేది, రెండోది స్వభావంతో జరిగేది. మాట సహజమా, మనుషులు కుదుర్చుకున్నదా అని ప్లేటో 'క్రాతిలోస్' సంవాదం అడిగిన ప్రశ్నే ఇది. వర్రో దాన్ని గ్రీకుల మేఘాల్లోంచి దింపి బానిసల సంతలో నిలబెట్టాడు. మనం ఇవాళ కొత్త పదాన్ని పుట్టించడానికీ, ఉన్న పదానికి విభక్తి చేర్చడానికీ మధ్య గీసే గీత అదే. ఈ పేజీలు చదివిన ప్రతిసారీ ఆ బానిసలకు అసలు పేర్లు ఏముండేవో అనిపిస్తుంది. వర్రోకి అనిపించలేదు.

పదాల్ని వర్రో విభజించిన తీరు కూడా చూడదగ్గది. విభక్తి ఉన్నవి, కాలం ఉన్నవి, రెండూ ఉన్నవి, రెండూ లేనివి: నాలుగే గళ్ళు. మొదటిది నామం, రెండోది క్రియ, మూడోది 'చదివే', 'చదివిన' లాంటి క్రియాజన్య విశేషణం, నాలుగోది మిగతాదంతా. ఇంత శుభ్రమైన పట్టిక తర్వాత రాలేదు. బళ్ళు దీన్ని పట్టించుకోకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

సీజర్ కూడా ఇందులో వేలు పెట్టాడు. ఆల్ప్స్ పర్వతాలు దాటి సైన్యం దగ్గరికి వెళుతూ దారిలో 'అనలోగియా' మీద రెండు పుస్తకాలు రాసి సిసెరోకు అంకితమిచ్చాడు. అందులోంచి మిగిలిన ఒక వాక్యం: విననిదీ వాడుకలో లేనిదీ అయిన మాటను, ఓడ నడిపేవాడు రాతిగుట్టను తప్పించుకున్నట్టు తప్పించుకో.

బడిలోకి వద్దాం. క్రీ.శ. 1వ శతాబ్దంలో రెమ్మియుస్ పలైమోన్, బానిసగా పుట్టి రోములో పేరుమోసిన వ్యాకరణ పంతులైనవాడు, ఒక పాఠ్యపుస్తకం రాశాడు, అది పోయింది. ఆ తరం బళ్ళు ఎదుర్కొన్న ఒక చిక్కు మాత్రం మనకు తెలుసు. గ్రీకు వ్యాకరణంలో భాషాభాగాలు ఎనిమిది. అందులో ఆర్టికల్ (ఇంగ్లీషు 'ది' లాంటి మాట) ఒకటి. లాటిన్‌కు ఆర్టికల్ లేదు, మన తెలుగుకు లేనట్టే. మరి ఏడే అనొచ్చుగా? అనలేదు. గ్రీకులు క్రియావిశేషణాల్లో కలిపేసిన 'అయ్యో', 'అబ్బ' లాంటి మాటల్ని బయటికి లాగి, 'ఇంతెర్యెక్తియో' అని వేరే కుర్చీ వేసి, ఎనిమిది పూర్తి చేశారు. వక్తృత్వం నేర్పిన రోమన్ గురువు క్వింతిలియానుస్ దీన్ని దాచలేదు: మన భాషకు ఆర్టికల్స్ అవసరం లేదు, అందుకని అవి ఇతర భాగాల్లోకి చెదిరిపోయాయి, పైగా ఇంతెర్యెక్తియో ఒకటి చేరింది అని రాశాడు. మనం తెలుగు బళ్ళో ఆశ్చర్యార్థకాన్ని ఒక భాషాభాగంగా చదివామంటే, ఇంగ్లీషు వ్యాకరణాల మీదుగా ఆ రోమన్ కుర్చీ ఇక్కడిదాకా వచ్చిందనే లెక్క. మన ప్రాచీన నిరుక్తకారుడు యాస్కుడి లెక్కలో నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం నాలుగే.

4వ శతాబ్దం నడుమ రోములో ఐలియుస్ దొనాతుస్. బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోముకు గురువు. ఇతని 'చిన్న వ్యాకరణం' ప్రశ్న-జవాబు పద్ధతిలో ఉంటుంది, వెయ్యేళ్ళకు పైగా యూరపు పిల్లల పెద్దబాలశిక్ష అదే. భాషాభాగాలు ఎన్ని? ఎనిమిది. అవేవి? నోమెన్, ప్రోనోమెన్, వెర్బుమ్... ఇలా. నామం నిర్వచనాన్ని మాటమాటా ఆపి చదవండి:

"నామం అంటే ఏమిటి? విభక్తి కలిగి, శరీరాన్ని గానీ విషయాన్ని గానీ, ప్రత్యేకంగా గానీ సామాన్యంగా గానీ తెలిపే భాషాభాగం."

మనం 'పేర్లను తెలిపేది నామవాచకం' అని సరిపెట్టుకున్నాం. ఏడేళ్ళ పిల్లాడికి చెప్పే నిర్వచనంలో 'శరీరం గానీ విషయం గానీ' ఎందుకు? స్టోయిక్కుల లోకంలో పని చేయగలిగిందీ, పనికి గురయ్యేదీ శరీరమే. శరీరం లేనివి ఖాళీ, చోటు, కాలం, ఇంకా 'లెక్తోన్', అంటే మాట ద్వారా చెప్పబడిన అర్థం. ఆ పాత గోడ ముక్క ఈ నిర్వచనంలో నిలబడి ఉంది. 'ప్రత్యేకంగా గానీ సామాన్యంగా గానీ' ఎక్కడిది? బాబిలోన్ దియోగెనెస్ సోక్రటీసునూ గుర్రాన్నీ విడదీసిన గీత. 'విభక్తి కలిగి' అన్నది క్రియకు విభక్తి లేదన్న స్టోయిక్ తీర్పు. పది పదాల నిర్వచనంలో మూడు పాత తగువులున్నాయి.

అయితే తగువులు మిగిలాయే గానీ సిద్ధాంతం మిగల్లేదు, ఇది చాలామంది గమనించరు. శరీరం లేనివాటికి ఉదాహరణగా ఆ కాలపు వ్యాకర్తలు భక్తి, న్యాయం లాంటివి ఇస్తారు. తాకలేము, చూడలేము కాబట్టి. రోమన్ స్టోయిక్ సెనెకా బతికుంటే ఒప్పుకునేవాడు కాదు. స్టోయిక్కులకు మంచి గుణం కూడా శరీరమే, ఆత్మ శరీరమే కాబట్టి. పంతుళ్ళు గీతను ఉంచుకుని, దానికి ఏ పక్కన ఏది ఉండాలో మార్చేశారు.

తత్వవేత్తలు ఊరుకున్నారనుకోకండి, వాళ్ళకూ మాటల మీద ఆడుకునే జబ్బుంది. సెనెకా ఒక ఉత్తరంలో దాన్నే వెక్కిరిస్తాడు: "ఎలుక ఒక అక్షరం (లాటిన్‌లో 'మూస్' ఒకే అక్షరం). ఎలుక చీజ్ కొరుకుతుంది. కాబట్టి అక్షరం చీజ్ కొరుకుతుంది." దీన్ని విప్పలేకపోతే నాకొచ్చే ప్రమాదమేమిటి, బోనులో అక్షరాలు పడతాయనా, అని ఎత్తిపొడుపు. నవ్వినా, మాటకూ మాట చెప్పే వస్తువుకూ తేడా ఏమిటన్న ప్రశ్న అందులో ఉంది. దాన్ని నవ్వులాటగా వదలకుండా పట్టుకున్నవాడు అగస్టీన్.

తర్వాత క్రైస్తవ తత్వవేత్తగా పేరుపొందిన అగస్టీన్ మొదట ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తేలో వ్యాకరణం చెప్పుకున్న పంతులు. 389 ప్రాంతంలో రాసిన 'గురువు' అనే సంవాదంలో తనూ, కొడుకు అదెయోదాతుస్ మాట్లాడుకుంటారు. ప్రతి మాటా దేనికో గుర్తు అని ఒప్పుకున్నాక, తండ్రి వెర్గిలియుస్ కావ్యంలోంచి ఒక పాదం ఇస్తాడు: "సి నిహిల్ ఎక్స్ తాంతా సూపెరిస్ ప్లాకెత్ ఉర్బె రెలింక్వి". ఇంత గొప్ప నగరంలోంచి ఏమీ మిగలకూడదని దేవతలకు ఇష్టమైతే, అని భావం. ఎన్ని మాటలు? ఎనిమిది. అయితే ఎనిమిది గుర్తులు. 'సి' (అయితే) దేనికి గుర్తు? కుర్రాడు ఆలోచించి, సందేహానికి అంటాడు. సరే, 'నిహిల్' (ఏమీ లేదు) దేనికి? లేనిదానికి. లేనిదానికి గుర్తెలా ఉంటుంది? ఇక్కడ ఇద్దరూ ఇరుక్కుంటారు. తండ్రి నవ్వుతూ, 'ఏమీ లేనిది' మనల్ని ఆపేస్తే వింతగా ఉంటుంది, ముందుకు పోదాం అంటాడు. 'ఎక్స్' (నుంచి)? కొడుకు ఇంకో ప్రత్యయం చెబుతాడు. తండ్రి: నువ్వు మాటకు బదులు మాట చెప్పావు, నేనడిగింది మాట చెప్పే వస్తువును.

బళ్ళో పిల్లలతో చేయించే కసరత్తు ఇది, పాదంలోని ప్రతి మాటనూ పట్టుకుని ఇది ఏ భాషాభాగం అని అడగడం. అగస్టీన్ అదే కసరత్తు చేస్తూ, 'ఏ భాషాభాగం' అన్నచోట 'దేనికి గుర్తు' అని మార్చాడు. ఆ ఒక్క మార్పుతో వ్యాకరణం మళ్ళీ తత్వమైంది. ఆ కుర్రాడికి అప్పుడు పదహారేళ్ళు. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ఈ సంవాదంలో కొడుకు నోట పలికించిన ఆలోచనలన్నీ నిజంగా వాడివే అని తండ్రి తర్వాత రాసుకున్నాడు.

మిగతా కథ తొందరగా. 500 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో ప్రిస్కియానుస్ 18 పుస్తకాల మహా వ్యాకరణం రాశాడు. థియోదోరుస్ అనే శిష్యుడు 526-527లో దాని ప్రతి రాశాడని తేదీలతో సహా దొరుకుతోంది. చివరి రెండు పుస్తకాలు వాక్యనిర్మాణం మీద, అలెగ్జాండ్రియా గ్రీకు వ్యాకర్త అపొల్లోనియోస్ అడుగుజాడల్లో. నామం లక్షణం 'ద్రవ్యాన్నీ గుణాన్నీ తెలపడం' అని ఇతను రాశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇటలీలో బోయెథియుస్ అరిస్టాటిల్ తర్క గ్రంథాల్ని లాటిన్‌లోకి తెస్తున్నాడు. రెండూ ఒకే బల్ల మీదకు చేరాక గొడవ రాక తప్పదు. 11వ శతాబ్దంలో అన్సెల్ముస్ అనే క్రైస్తవ తత్వవేత్త 'గ్రమ్మాతికుస్' అనే మాటను పట్టుకుని పుస్తకమే రాశాడు. వ్యాకర్త అనే మాట ద్రవ్యాన్ని చెబుతుందా, గుణాన్నా? మనిషిని చెబుతుందని వ్యాకరణం, గుణాన్ని చెబుతుందని అరిస్టాటిల్. 1300 దాటాక ఎర్ఫుర్ట్ థామస్ లాంటివాళ్ళు ఇంకా ముందుకు పోయి, వస్తువు ఉండే తీరు, మనసు గ్రహించే తీరు, మాట సూచించే తీరు మూడూ ఒకదాన్నొకటి అద్దంలా చూపిస్తాయన్నారు. థామస్ రాసిన ఆ పుస్తకం చాలాకాలం డున్స్ స్కోటుస్ అనే మరో మధ్యయుగ తత్వవేత్త పేరు మీద చలామణీ అయింది. 20వ శతాబ్దంలో జర్మన్ తత్వవేత్త హైడెగ్గర్ కూడా అది స్కోటుస్‌దే అనుకుని తన అర్హతా సిద్ధాంతగ్రంథం రాశాడు. స్టోయిక్కుల పనిముట్లు పంతుళ్ళ చేతుల్లో అరిగాక, వాటి మీద మిగిలిన చెక్కుళ్ళను చూసి మధ్యయుగం మళ్ళీ తత్వం కట్టుకుందన్నమాట. ఆ కట్టడం అందమైనదే, కానీ దాని పునాదుల్లో లాటిన్ వ్యాకరణపు యాదృచ్ఛికాలు చాలా ఉన్నాయి.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న. నోట్సులో నోమినాతివుస్ ప్రథమ, అక్కుసాతివుస్ ద్వితీయ, దాతివుస్ చతుర్థి, గెనెతివుస్ షష్ఠి, వొకాతివుస్ సంబోధన అని రాసుకోండి, పెద్ద నష్టం లేదు. ఇంకో సదుపాయం కూడా ఉంది: మనం 'పుస్తకం చదివాను' అని జడానికి ద్వితీయా ప్రత్యయం వదిలేసి, 'రాముణ్ణి చూశాను' అని మనిషికి ఉంచుతాం కదా, లాటిన్‌లో నపుంసకలింగానికి ప్రథమ, ద్వితీయ ఎప్పుడూ ఒకే రూపం. 'బెల్లుమ్' (యుద్ధం) రెండు చోట్లా బెల్లుమే. తెలుగు చెవికి అది వెంటనే పట్టుబడుతుంది.

అబ్లాతివుస్ దగ్గర మాత్రం ఆగండి. దాన్ని పంచమి అని రాసుకుంటే పది రోజుల్లో పేజీ అంతా కొట్టివేతలే. గ్రీకుకు ఈ విభక్తి లేదు, అందుకే దీనికి స్టోయిక్కుల పేరు దొరకలేదు. వర్రో దీన్ని 'ఆరోది', 'లాటిన్‌ది' అన్నాడు. తర్వాత 'తీసుకుపోయేది' అని పేరు పెట్టారు, మన పంచమి భావంతో. నిజానికి అది మన తృతీయనూ పంచమినీ, సప్తమిలో చాలా భాగాన్నీ మింగి కూర్చున్న రూపం. క్వింతిలియానుస్‌కు ఇది గుచ్చుకుంది. "ఈటెతో పొడిచాను" అన్నప్పుడు 'హాస్తా' అని అబ్లాతివుస్ వాడుతున్నాం గానీ, అందులో తీసుకుపోయే స్వభావం ఏముంది, మనకు ఏడో విభక్తి ఒకటి ఉందేమో పంతుళ్ళు ఆలోచించాలి, అని రాశాడు. ఆయన వెతుకుతున్నది చేతన్, చేన్, తోడన్, తోన్. మీ నోట్సులో 'హాస్తా' పక్కన తృతీయ అనే రాసుకోండి.